మెడపై గడ్డ కనిపించినప్పుడు

మందలో ఒక గొర్రెకు దవడ క్రింద సంచివలె నీరు దిగినదనుకొనుడు. అమరాపురం ప్రాంతమున గొర్రెలు మేపువారికి ఇది క్రొత్త సంగతి కాదు. తెలియని పిల్లవాడైతే దబ్బనముతో ఆ సంచిని పొడిచి నీరు తీసివేసిన చాలుననుకొనును. మీరు ఆ పని చేయరు. గొర్రెను పట్టి కంటిరెప్ప త్రిప్పి చూతురు. ఎర్రగా ఉండవలసిన పొర సున్నమువలె పాలిపోయి ఉండును. కడుపులో నెత్తురు పీల్చు పురుగులో, కార్జములో జలగలో చేరినవని గ్రహించి నట్టల మందు పోయుదురు. నెత్తురు పలుచబడినందున నీరు అక్కడికి దిగినదే గాని దవడలో ఏ జబ్బును లేదని మీకు తెలియును.

అదే రైతు తన మెడపై గడ్డ లేచినప్పుడు ఆ గడ్డనే పట్టుకొని కూర్చుండును. సున్నము, బెల్లము కలిపి పట్టు వేయును. జిల్లేడు పాలు పూసి చర్మము కాల్చుకొనును. ఎవరో చెప్పిరని వాత పెట్టించుకొనును, లేదా కురుపుకాబోలునని కోయించుకొనును. ఇట్లు ఆరు నెలలు గడచును. మందకు చూపిన తెలివి తన మెడకు చూపుకొనడు.

మెడపై కనబడు గడ్డలలో పెక్కు మెడలో పుట్టినవి కావు. కారణము పుచ్చిన పంటిలోనో, నాలుక అంచుననో, తలలోని కురుపులోనో, ఊపిరితిత్తులలోనో, ఒక్కొక్కప్పుడు పొట్టలోనో ఉండును. కాబట్టి గడ్డను చూచినప్పుడు దీనికి ఏమి పూయవలెనని గాక, ఇది ఎక్కడినుండి వచ్చినదని అడుగవలెను. ఆ వెదకుట ఎట్లో రైతు సోదరులకు, ఇంటిలోని స్త్రీలకు తెలియజేయుటయే ఈ వ్యాసము పని. ఇది చదివి ఎవరును తామే వైద్యము చేసుకొనరాదు. ఎప్పుడు ఊరకుండవచ్చునో, ఎప్పుడు బస్సెక్కవలెనో తెలిసిన చాలును.

ఏ చేని నీరు ఏ గుంటకు

మెడలో చర్మము క్రింద, కండరముల సందులలో చిన్న గ్రంథులు అనేకము గలవు. వైద్యులు వీటిని లింఫు గ్రంథులందురు; మన ఊళ్లలో బిళ్లలందురు. శరీరములోని బిళ్లలన్నిటిలో సుమారు మూడవ వంతు మెడలోనే ఉన్నవి. రక్తముగాక పలుచని నీరువంటి రసము ఒకటి శరీరమందంతట సన్నని కాలువలలో పారుచుండును. వాగు నీరు చెరువులో పడకముందు ఒక గుంటలో నిలిచి, మట్టిని, చెత్తను అక్కడ వదలి ముందుకు సాగునట్లు, ఈ రసము కూడ బిళ్లలలో నిలిచి సాగును. కొట్టుకొని వచ్చిన సూక్ష్మక్రిములను బిళ్ల పట్టి చంపును. క్రిములు ఎక్కువైనప్పుడు తానును ఉబ్బును. చంకలో కురుపు లేచినా, కాలికి ముల్లు విరిగినా చంకలోను, గజ్జలోను బిళ్ల కట్టుట మీరెరిగినదే. మెడలోని బిళ్ల సంగతియు అంతే.

ఒక్కొక్క గుంటకు నీరు వచ్చు చేలు వేరువేరుగా ఉన్నట్లే ఒక్కొక్క బిళ్లకును తన చేలు కలవు. గడ్డము క్రింద, దవడ క్రింద బిళ్ల కట్టినచో పండ్లు, చిగుళ్లు, నాలుక, నోటి అడుగు చూడవలెను. దవడ మూల క్రింద, చెవికి దిగువన కట్టినచో గొంతులోని టాన్సిలులను చూడవలెను. మెడ వెనుక, చెవి వెనుక కట్టిన బిళ్లలకు చేను తల. బడిపిల్లల మెడ వెనుక శనగ గింజలవలె వరుసగా తగులు బిళ్లలకు పేలు, వాటిని గోకుటచే లేచిన పుండ్లే తరచు కారణము. తల దువ్వి పేలు తీసి, పుండ్లు మాన్పినచో కొన్ని వారములకు బిళ్లలు అణగును. ఆ తల్లి బిడ్డను తీసికొని పట్నము పరుగెత్తనక్కరలేదు.

ఇక్కడ ఒక చోటు ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది. మెడ అడుగున, ఎడమ కాలర్ ఎముకకు పైనున్న పల్లము అది. పొట్టనుండి, కాళ్లనుండి వచ్చు రసము పెద్ద కాలువగా ఎదలోగుండ పైకి వచ్చి ఆ దాపుననే రక్తములో కలియును. అందుచేత జీర్ణకోశమున పుట్టిన క్యాన్సరు మొట్టమొదట అక్కడ గట్టి బిళ్లగా తగులుట కలదు. పొట్టలో నొప్పియైనను లేని మనిషికి మెడలో బిళ్ల! కుడి, ఎడమలలో ఏ వైపునైనను కాలర్ ఎముక పైన గడ్డ తగిలినచో రోజులు లెక్కించుచు కూర్చుండక చూపించుకొనవలెను.

రోజుల లెక్క

తక్కిన గడ్డల విషయమున రోజుల లెక్కయే మొదటి పరీక్ష. జలుబు, గొంతు నొప్పి, పంటి పోటు, చెవి కారుట, వీనివలన వచ్చిన బిళ్ల త్వరగా లేచును, నొక్కిన నొప్పి చేయును, వేలి క్రింద కదలును, అసలు కారణము తగ్గినకొలది రెండు మూడు వారములలో అణగును. నొప్పి ఉన్నదని భయపడుదురు గాని మెడ గడ్డల విషయమున నొప్పి చాలవరకు మంచి గుర్తే. నొప్పిలేక, నిదానముగా, వారము వారమునకు పెరుగునదే మనలను మోసగించునది. ఎద్దు కుంటినచో ఆ దినముననే వైద్యుని పిలిపింతుము. తిండి తినుచు పని చేయుచు లోలోపల చిక్కిపోవు ఎద్దును సంతకు తోలుకొని పోయినప్పుడు గాని గమనింపము!

గడ్డ మొదట చేతికి తగిలిన దినమున గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుడు. శనగ గింజంతయో, రేగుపండంతయో, పచ్చి వక్కంతయో దానిప్రక్కన వ్రాసికొనుడు. మూడు వారములు దాటినను అణగనిచో, లేదా ఆ లోపలనే పెరుగుచున్నచో వైద్యునికి చూపవలెను. దినమునకు పదిమార్లు నొక్కి చూచుకొనరాదు. నొక్కుటచే కూడ బిళ్ల ఉబ్బును.

పిల్లలలో వచ్చు గవదబిళ్లలు వేరు. అవి చెవి ముందు, దవడ మూలయందుండు లాలాజల గ్రంథుల వాపు. జ్వరముతో వచ్చి, ఒకవైపునో రెండువైపులనో బుగ్గ ఉబ్బి, వారము పది దినములలో తగ్గును. అంటువ్యాధి కనుక బిడ్డను బడికి పంపరాదు. పెద్దవారిలో ఒక చిత్రమైన వాపు కలదు. అన్నమునకు కూర్చున్నంతనే, అందును పులుసు కలుపుకొన్నంతనే, దవడ క్రింద గడ్డ లేచి ఒకటి రెండు గంటలకు దిగిపోవును. లాలాజల గ్రంథి నాళములో చిన్న రాయి అడ్డుపడుటయే ఇందుకు కారణము. కాలువ తూమున రాయి పడినట్లే. ఆ రాయిని తీయించుకొనవలెను.

గండమాల

మెడ ప్రక్కన ఒక బిళ్ల, దాని క్రింద మరియొకటి, వాని మధ్య ఇంకొకటి, ఇట్లు పూసలవలె కట్టుటచే పూర్వులు దీనిని గండమాల అనిరి. ఆయుర్వేద గ్రంథములలో ఈ పేరు కలదు. దీనికి ముఖ్య కారణము క్షయ. క్షయ అనగానే దగ్గు, కఫములో రక్తము తలచుకొందుము గాని ఊపిరితిత్తులు వదలి మెడ బిళ్లలను పట్టుకొనుట మన దేశమున తరచుగా జరుగును. దగ్గు లేదు గనుక క్షయ కాదనుకొని ఏమరుట ఇందువలననే.

లక్షణములు గమనింపుడు. బిళ్లలు నొప్పి లేక నెలల తరబడి పెరుగును. మొదట వేరువేరుగా ఉండి తరువాత ఒకదానికొకటి అతుకుకొనును. కొందరికి సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, ఆకలి తగ్గుట, బరువు తగ్గుట ఉండును. కొందరికి ఇవేవియు ఉండవు. వైద్యము లేకున్న బిళ్ల మెత్తబడి చీము పట్టును. ఆ చీముగడ్డ కురుపువలె వేడిగా ఎర్రగా ఉండదు, చల్లగా ఉండును. దానిని మామూలు కురుపు అనుకొని కోసినచో అక్కడ మానని పుండు, కారుచుండు రంధ్రము ఏర్పడును. మెడమీద ముడుతలుపడిన పాత మచ్చలతో ముసలివారిని మీరు చూచియుందురు. వాటిలో పెక్కు ఇట్టి పుండ్ల గురుతులే.

వాతలు, తాయెత్తులు మన పల్లెలకే చెందినవని సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో రాజు చేయి తగిలిన గండమాల పోవునని అనేక శతాబ్దములు నమ్మిరి. తరువాతి కాలమున ఇంగ్లీషు నిఘంటువు కూర్చి పేరుపొందిన శామ్యూల్ జాన్సన్‌ను పసివాడుగా ఉన్నప్పుడు, 1712లో, ఆన్ రాణి చేత తాకించిరి. జబ్బు పోలేదు. మెడపై మచ్చలు ఆయనకు జీవితాంతము ఉండెను.

క్షయకు మందు దొరకిన కథ మన ప్రాంతమునకు దగ్గరిదే. మదనపల్లె వద్ద ఆరోగ్యవరమున 1915లో క్షయ ఆసుపత్రి తెరచినప్పుడు విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము తప్ప వేరు ఉపాయము లేకుండెను. స్ట్రెప్టోమైసిన్ అను మందును 1943లో కనుగొనిరి. ఐనను రోగులను మాసముల తరబడి ఆసుపత్రిలో ఉంచుట పేదకుటుంబమునకు సాధ్యమా? 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఈ ప్రశ్ననే తీసికొని, ఇంటివద్ద ఉండి మందులు వాడినవారును ఆసుపత్రిలో ఉన్నవారితో సమానముగా కోలుకొందురని 1959లో చూపినది. ప్రపంచమంతటను ఇంటివద్ద క్షయ చికిత్స నడచుటకు ఆ ఫలితము దారి తీసినది. ఈనాడు సేద్యపు మనిషి తన చేను చూచుకొనుచునే క్షయను నయము చేసికొనగలుగుటకు మూలము అదియే.

మెడ బిళ్లల క్షయకు సాధారణముగా ఆరు నెలలు మందులు వాడవలెను. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు. ఇవి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. పౌష్టికాహారమునకని కేంద్ర ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేయసాగినది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసినది. మెడ బిళ్లలలో మాత్రమే ఉన్న క్షయ ఇతరులకు అంటదు. కంచము, మంచము వేరు చేయనక్కరలేదు. కాని ఊపిరితిత్తులలో కూడ ఉన్నదేమో వైద్యుడు పరీక్షించి చెప్పవలెను. ఇంటిలో ఎవరికైనను దగ్గు విడువకున్న వారినిగూడ చూపవలెను.

ఒక హెచ్చరిక. మందులు మొదలుపెట్టిన తరువాత కొందరికి బిళ్లలు తగ్గుటకు మారుగా కొంతకాలము పెరుగును. క్రొత్త బిళ్లలును లేచును. చచ్చిన క్రిములపై శరీరము చేయు పోరాటమే ఇందుకు కారణము. మందు పనిచేయలేదని మానివేయువారు ఇక్కడనే మానుదురు. మానక వైద్యునికి చూపుడు. రెండు నెలలకు ఒళ్లు కోలుకొని ఆకలి పుట్టినదని మానుటయు ఇంతే ప్రమాదము. మిగిలిన క్రిములు మందుకు లొంగనివై తిరిగి లేచును. పంటపై మందు సగము మోతాదు చల్లి పురుగును మొండిదానిగా చేసిన అనుభవము మీకు ఉన్నదే.

పశువులకును క్షయ వచ్చును. జబ్బు పశువు పచ్చి పాలు త్రాగినవారికి గొంతు, మెడ బిళ్లల ద్వారా అది ప్రవేశింపవచ్చును. పాలు పొంగువరకు కాచి త్రాగవలెను. పిదికిన పాలు పాకలోనే నురుగుతో త్రాగుట బలమని చెప్పు మాట వినరాదు.

గ్రుక్కతో పైకి లేచు గడ్డ

గొంతు ముందు, కంఠమణికి దిగువన గడ్డ ఉన్నచో అద్దము ముందు కూర్చుండి ఒక గ్రుక్క నీరు మ్రింగుడు. గ్రుక్కతోపాటు గడ్డయు పైకి లేచి దిగినచో అది థైరాయిడ్ గ్రంథికి చెందినది. ఈ గ్రంథి సీతాకోకచిలుక రెక్కలవలె గాలిగొట్టమునకు ఇరుప్రక్కల అతుకుకొని ఉండును. శరీరపు వేడిని, ఎదుగుదలను, చురుకును నడపు రసమును తయారుచేయును. ఆ తయారీకి అయోడిను కావలెను. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. డెబ్బది సంవత్సరముల జీవితమునకు అంతయు కలిపినను నాలుగు గ్రాములు మించదు. ఆ కొంచెమును అందనప్పుడు గ్రంథి తన శక్తికొలది పనిచేయబోయి ఉబ్బును.

ఇందులో రైతు గమనింపవలసిన విశేషము ఒకటి కలదు. నేలలో జింకు తక్కువైన ఆకు చెప్పును. ఇనుము తక్కువైన వేరుశనగ పచ్చబడి చెప్పును. అయోడిను తక్కువైన పైరు ఏమియు చెప్పదు. మొక్క పెరుగుటకు అయోడినుతో పని లేదు. పంట నిండుగా పండును. లోపము తినువారి గొంతులో బయటపడును. మేకపిల్లలు గొంతువద్ద ఉండతో పుట్టినచో, ఈనకముందు తల్లికి అయోడిను చాలలేదేమో అని అనుమానింపవలెను.

ఈ జబ్బు ఉప్పుతో పోవునని మన దేశమున నిరూపించినవారిలో ముఖ్యుడు శ్రీకాకుళమున పుట్టి విశాఖపట్నమున వైద్యము చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి. 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో ఆయన, తోటి పరిశోధకులు కలిసి లోయను మూడు భాగములు చేసిరి. రెంటికి అయోడిను చేర్చిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేసి చూచిరి. మన పరిశోధన క్షేత్రములలో ఒక మడికి ఎరువు వేసి ప్రక్క మడికి వేయక పోల్చినట్లే ఇదియు. అయోడిను ఉప్పు తిన్న భాగములలో బడిపిల్లల గొంతువాపు తగ్గినది. 1962లో దేశమంతటికి గాయిటర్ నివారణ పథకము మొదలైనది. అయోడిను లేని ఉప్పును తినుటకని అమ్మరాదను నిబంధన 2006 మే 17 నుండి మరల అమలులోనికి వచ్చినది.

వాడుకదారునికి చేరునప్పటికి గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాముల అయోడిను ఉండవలెను. మూత లేని కుండలోను, పొయ్యిప్రక్కన తడితగులు చోటను ఉంచిన ఉప్పులో అది తగ్గిపోవును. మూత బిగియు డబ్బాలో పొడిగా ఉంచి, కూర దించబోవునప్పుడు వేయుట మేలు. కొబ్బరి పాదులకని, తోళ్లకని తెచ్చిన మూట ఉప్పులో అయోడిను ఉండదు. చవకగా ఉన్నదని వంటకు వాడువారికి అసలు నష్టము గొంతువాపు కాదు. గర్భిణికి అయోడిను చాలనిచో కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినును. ఆ నష్టమును తరువాత ఏ ఉప్పును పూడ్చలేదు. ఐతే ఎక్కువ ఉప్పు తినుమని దీని అర్థము కాదు; తినెడి ఉప్పు సరియైనదిగా ఉండవలెను.

థైరాయిడ్ గడ్డలన్నియు అయోడిను లోపమువలననే రావు. గ్రంథిలో ఒక వైపున ఉండలు కట్టుట స్త్రీలలో ఎక్కువ. ఇట్టి ఉండలలో నూటికి తొంబదికి పైగా హానిలేనివే. ఐనను రక్తపరీక్షతో గ్రంథి పని ఎట్లున్నదో, స్కానుతో గడ్డ స్వరూపమెట్లున్నదో ఒకసారి చూడవలెను. గడ్డ గట్టిగా ఉండి త్వరగా పెరిగినను, గొంతు బొంగురుపోయినను, మ్రింగుట కష్టమైనను ఆలస్యము చేయరాదు.

తిత్తులు, కొవ్వు గడ్డలు

వీటిని గురించి కొద్ది మాటలు చాలును. మెత్తగా, చర్మము క్రింద వ్రేలికి జారిపోవుచు, ఏండ్ల తరబడి ఉన్నది ఉన్నట్లుండునది కొవ్వు గడ్డ. దాని జోలికి పోనక్కరలేదు. చర్మమునకే అంటుకొని మధ్య నల్లని చుక్కతో ఉండునది చర్మపు తిత్తి. పిసికిన తెల్లని దుర్గంధపు పదార్థము వచ్చును, తిత్తి తిరిగి నిండును. పైన పీకిన తుంగ మరల మొలచినట్లే ఇదియు. తిత్తి గోడతో సహా తీయించవలెను, లేదా ఊరకుండవలెను. మెడ వెనుక పలు నోళ్లతో లేచు పెద్ద కురుపు, అనగా రాచకురుపు, లేచినవారు రక్తములో చక్కెర చూపించుకొని తీరవలెను. మధుమేహము ఉన్నదని కొందరికి మొదట తెలియునది ఈ కురుపు వలననే.

పిల్లలలో గొంతు నడిమిని గుండ్రని గడ్డ ఉండి, నాలుక బయటికి చాచినప్పుడు పైకి లేచినచో అది పుట్టుకతో వచ్చిన తిత్తి. శస్త్రచికిత్సతో పోవును. పసిబిడ్డ మెడ ప్రక్కన నీటి సంచివలె మెత్తగా ఉండి, టార్చిలైటు వెలుగు లోపలినుండి కనబడునది మరియొక రకము. దానిని పెద్ద ఆసుపత్రిలో చూపవలెను. పదునైదు, ఇరువది ఏండ్ల వయస్సువారికి మెడ ప్రక్క కండరము అంచున నునుపైన తిత్తి లేచి జలుబు చేసినప్పుడల్లా ఉబ్బుటయు కలదు. ఇదే గడ్డ నలువది దాటినవారిలో క్రొత్తగా లేచినచో తిత్తియే కదాయని తేలికగా తీసికొనరాదు. క్యాన్సరు పట్టిన బిళ్ల కూడ లోపల నీరుపట్టి తిత్తివలె కనబడును.

వక్క, పొగాకు, మెడ

అమరాపురం, రొళ్ల, అగళి, గుడిబండ ప్రాంతములలో వక్క తోటలు రైతుకు అన్నము పెట్టుచున్నవి. బోరులో నీరు తగ్గినను చెట్టును బ్రతికించుకొనుటకు మీరు పడు పాటు ఎవరికి తెలియదు? ఐనను పంటను పండించువానికి దాని గుణము దాచిపెట్టుట న్యాయము కాదు. ఫ్రాన్సులోని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నిర్ణయములో, పొగాకు కలుపకున్నను వక్క ఒక్కటే మనుష్యులలో క్యాన్సరు కలిగించునని తేల్చినది. పొగాకు కలిపినచో కీడు మరింత. శుభకార్యములో ఒకనాడు వేసికొను తాంబూలమును గురించి కాదు, తెల్లవారినది మొదలు బుగ్గన పెట్టుకొను ముద్దను గురించియే ఈ మాట.

దినదినము వక్క నమలువారికి నోటి లోపలి పొర తెల్లబడి త్రాళ్లవలె బిగిసికొనును. కారము మండును. నోరు నిండుగా తెరుచుకొనదు. మీ చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్లు మూడింటిని నిలువుగా పేర్చి నోటిలో పెట్టి చూడుడు. అవి పట్టనిచో వక్కను ఆ దినముననే మానవలెను, నోటిని చూపించుకొనవలెను. మూడు వారములకు మానని నోటిపుండు, బుగ్గపై తెల్లని లేదా ఎర్రని మచ్చ, కారణము లేక కదలు పన్ను, ఇవి మెడ గడ్డకు ముందు వచ్చు గుర్తులు. నోటి క్యాన్సరు మొదట పాకునది మెడ బిళ్లలకే. అప్పుడు లేచు బిళ్ల రాయివలె గట్టిగా, నొప్పి లేక, అడుగున అతుకుకొని కదలక ఉండును. నోటిలోని పుండు నాలుక వెనుకనో గొంతులోనో దాగి కంటికి కనబడకుండ, మెడ బిళ్లయే మొదట కనబడుటయు కలదు. నలువది దాటి, వక్కగాని పొగాకుగాని బీడీగాని అలవాటున్న మనిషి మెడలో గట్టి బిళ్ల మూడు వారములు నిలిచినచో, వేరొక కారణము రుజువగువరకు క్యాన్సరుగానే భావించి పరీక్ష చేయించవలెను.

మెడ బిళ్లలలోనే పుట్టు క్యాన్సరు కూడ ఒకటి కలదు. బిళ్లలు రబ్బరువలె సాగుచు మెడలోను, చంకలలోను, గజ్జలలోను కూడ పెరుగును. గండమాల వలెనే జ్వరము, చెమటలు, బరువు తగ్గుట ఉండును. పరీక్ష లేకయే క్షయ మందులు మొదలుపెట్టరాదనుటకు ఇది యొక కారణము. ఇట్టి క్యాన్సరులు పెక్కు మందులకు బాగుగా లొంగును.

సూదికి భయపడవద్దు

గడ్డ కారణము తెలియుటకు చాలవరకు సన్నని సూదితో కొన్ని కణములు తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. మత్తు అక్కరలేదు, కొద్ది నిమిషముల పని. సూది గ్రుచ్చిన గడ్డ చెదరి పాకునను భయము పల్లెలలో బలముగా ఉన్నది. అది సరికాదు. సన్నని సూది వలన అట్లు జరుగుట మిక్కిలి అరుదు. కీడు చేయునది ఏమి గడ్డయో తెలియక ముందే కత్తితో కోయుట. క్షయ అనుమానమున్నచో తీసిన పదార్థమును క్రిమి పరీక్షకు కూడ పంపుమని వైద్యుని అడుగుడు.

కొన్నింటికి ఒక్క రాత్రియైనను ఆగరాదు. పంటి చీము దవడ క్రిందికి దిగి, మెడ ముందు భాగమంతయు కట్టెవలె బిగిసి, నాలుక పైకి లేచి, ఉమ్ము మ్రింగలేక కారుచున్నచో కొన్ని గంటలలో ఊపిరి ఆగవచ్చును. వాపుతో ఊపిరి గుర్రుమనినను, జ్వరముతో నోరు తెరచుకొనకపోయినను అంతే. వెంటనే 108 బండిని పిలువవలెను. పన్ను పుచ్చినప్పుడే తీయించుకొన్నవారికి ఈ అవస్థ రాదు.

మొదట మీ ఊరి ఆరోగ్య కేంద్రమునకే పొండు. అక్కడినుండి మడకశిర, హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రులకు పంపుదురు. క్షయ నమోదు, మందులు ప్రభుత్వ కేంద్రములన్నిటిలో జరుగును. బత్తలపల్లిలోని ఆర్.డి.టి. ఆసుపత్రి క్షయ చికిత్సలో చాలకాలముగా పనిచేయుచున్నది. క్యాన్సరు అని తేలినచో మనకు దగ్గరి పెద్ద సంస్థ బెంగళూరులో 1973లో నెలకొన్న కిద్వాయి సంస్థ. 2007లో ఆరోగ్యశ్రీ అను పేరుతో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకము క్రింద క్యాన్సరు చికిత్సలు ఉన్నవి గనుక, పొలము తాకట్టు పెట్టుటకు ముందు ఆసుపత్రిలోని ఆ పథకపు ఉద్యోగిని కలిసి అడుగుడు.

పోవునప్పుడు క్యాలెండరుపై వ్రాసిన తేదీని, పాత చీటీలను, ఇంతవరకు వాడిన మందుల పేర్లను తీసికొని పొండు. వక్క, పొగాకు అలవాటును దాచరాదు. పట్టు వేసినను, వాత పెట్టించినను చెప్పుడు. వైద్యుడు గడ్డను మాత్రమే తాకి చీటీ వ్రాయబోయినచో, నోటిలోను గొంతులోను దీపము వేసి చూడుమని, పండ్లను, తలను, చంకలను చూడుమని మీరే మర్యాదగా అడుగవచ్చును. గొర్రె కంటిరెప్ప త్రిప్పి చూచువారు మీరు. ఆ మాట అడుగుటకు సంకోచింపనక్కరలేదు.